గోదావరి గట్టున ఒక సాయంకాలము

రాజమహేంద్రవరములో గోదావరి గట్టుమీద ఒక చిన్న తోట కలదు. అది పేరుగన్న తోట కాదు. దూరదేశములనుండి దానిని చూచుటకై వచ్చువారు లేరు. ఊరివారు సైతము నిత్యము దాని ప్రక్కనుండియే పోవుచు, అచ్చట ఒక తోట యున్నదన్న మాటనే తలపరు. ఈ కొననుండి ఆ కొనకు నూటయిరువది అడుగులు వేసినచో తోట ముగియును. అయినను ఉద్యోగము విరమించిన పిమ్మట నేను అచ్చట గడపినన్ని సాయంకాలములు మఱి యెచ్చటను గడపలేదు. ముప్పదియైదు సంవత్సరములు బడిలో పాఠములు చెప్పిన నాకు ఆ తోటలో ఒకనాడు ఒక పాఠము లభించినది. అది మిగుల ఆలస్యముగా నేర్చిన పాఠము. నావలె మీరు ఆలస్యము చేయకుందురుగాక యని దానిని మీకు చెప్పుచున్నాను.

ఆ తోటకు పోవు దారి సుఖమైనది కాదు. మెయిన్ రోడ్డులో బట్టల దుకాణములు, బంగారపు దుకాణములు, ఫలహారశాలలు ఒకదానినొకటి త్రోసికొనుచున్నట్లుండును. ఆటోలును, మోటారు సైకిళ్లును, తోపుడుబండ్లును మనుష్యునకు అడుగు పెట్టుటకు చోటీయవు. ఆ సందడిని దాటి, పడమటి సందులలో ఒకదానిని పట్టి పోయినచో, ఉన్నట్టుండి మోమునకు చల్లనిగాలి తగులును. చప్పుడు వెనుకబడును. ఎదుట గట్టు కనబడును. గట్టెక్కినంతనే కన్నులు పట్టనంత ఆకాశము. ఆ ఆకాశము క్రింద గోదావరి. దినమంతయు ఇరుకు వీధులలో తిరిగిన ఊరు సాయంకాలమునకు ఊపిరి పీల్చుకొనుటకు ఇచ్చటికి వచ్చునేమో యని నాకు తోచును.

తోటలో వింత లేవియు లేవు. రెండు బాదము చెట్లు, ఒక రావిచెట్టు, కంచె వెంబడి గన్నేరులు, నందివర్ధనములు. పిల్లలకొఱకు ఒక జారుడుబల్ల, రెండుయ్యాలలు. పెద్దలకొఱకు ఆఱు సిమెంటు బల్లలు. ఆ బల్లలలో ఒకదానికి వీపు ఆనించు పలక విరిగిపోయినది. దానిమీద సాధారణముగా ఎవరును కూర్చుండరు గనుక అది నాకు దక్కినది. నీటివైపున ఇనుప కంచెయు, కంచెలో చిన్న తలుపును, తలుపు దాటగనే నీటిలోనికి దిగు రాతిమెట్లును కలవు. ప్రొద్దు వాలునప్పటికి వేయించిన వేరుసెనగకాయల బండి వచ్చి తోట మొదట నిలుచును. వృద్ధులు వత్తురు. పసిపిల్లలను చంకనెత్తికొని తల్లులు వత్తురు. పరీక్షలకు చదువుకొను విద్యార్థులు పుస్తకములతో వత్తురు. వారిలో కొందఱు చదువుదురు, కొందఱు పుస్తకము తెఱచియుంచి నీటివంక చూతురు. చీకటి పడువేళ ఎవరో ఒక యిల్లాలు మెట్లు దిగి, ఆకుదొప్పలో దీపము వెలిగించి నీటిమీద విడుచును. అది కొంతదూరము పోవువఱకు ఆమె అచ్చటనే నిలుచుండి, పిదప వెనుదిరుగును.

నా బల్లమీదనుండి చూచినచో గోదావరి ఒక నదివలె గాక, సముద్రమునుండి చీలి వచ్చిన పాయవలె కానవచ్చును. ఆవలి గట్టున కొవ్వూరు చెట్లు ఒక పచ్చని గీతవలె కనబడును. నడుమ నడుమ ఇసుకతిన్నెలు తాబేటి వీపులవలె తేలియుండును. మన ఊరు నదికి తూర్పుగట్టున ఉన్నది గనుక, సూర్యుడు ప్రతిదినము ఏటి ఆవలనే అస్తమించును. ఆ వేళ నీటిమీద ఒక ఎఱ్ఱని బాట ఏర్పడి, సరిగా మనము కూర్చున్న చోటికే వచ్చి ఆగును. ప్రక్క బల్లమీదివాడు తనకొఱకే ఆ బాట వచ్చినదని తలచును. పదిమంది కూర్చున్నచో పదిమందికిని పది బాటలు. ఒకే సూర్యుడు, ఒకే నది; కాని చూచువాని కన్నునుబట్టి దృశ్యము మాఱుచున్నది. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడు; దీనితో ముందు పని కలదు.

అచ్చటినుండి మూడు వారధులు కనబడును. వానిలో పెద్దది వయస్సుచేత హేవ్‌లాకు వారధి. దాని పని 1897లో ప్రారంభమై, 1900లో దానిమీద రైళ్లు నడచినవి. ఆనాటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టిరి. రాతి స్తంభములమీద ఇనుప దూలములు పఱచి 56 ఖండములుగా దానిని కట్టిరి. మద్రాసునకును కలకత్తాకును నడుమ పోవు బండ్లను అది దాదాపు నూఱేండ్లు మోసి, 1997లో విశ్రాంతి పొందినది. రెండవది 1974లో వచ్చిన వంతెన. దాని పై అంతస్తున వాహనములును, క్రింది అంతస్తున రైళ్లును పోవును. మూడవది 1997లో రైళ్లకు తెఱచిన కాంక్రీటు వారధి. 28 ఖండములు గలిగి, ఒక్కొక్క ఖండముపైన విల్లువలె వంగిన కమానుతో, రమారమి 2.7 కిలోమీటర్ల పొడవున అది నీటిని దాటుచున్నది. చిత్రములలో అందఱును చూచునది ఆ విండ్ల వరుసనే. నాకు మాత్రము రైళ్లు లేని పాత వారధియందే మక్కువ. అదియు నావలె పదవీవిరమణ చేసినదే కదా! పని లేకున్నను దాని స్తంభములు నీటిలో నిటారుగా నిలిచియుండుట చూచినప్పుడు నా వీపును నేను కొంచెము సరిచేసికొని కూర్చుందును.

ఒక సంవత్సరము ఉగాది వెళ్లిన వారమునకు, బడులు ఒంటిపూట జరుగుచున్న దినములలో, మా మనుమరాలిని వెంటబెట్టుకొని తోటకు పోయితిని. అది అప్పుడు నాల్గవ తరగతి చదువుచుండెను. త్రోవలో రోజ్‌మిల్కు కావలెననగా ఇప్పించితిని. పెదవులపైని గులాబిరంగు ఆఱకముందే అది జారుడుబల్లమీద పదిమాఱులు జాఱి, ఉయ్యాల ఊగి, అలసివచ్చి నా ప్రక్కన కూర్చుండి నీటివంక చూడసాగెను. పైరగాలి వీచుచుండెను. కొంతసేపటికి అది నా చేయి పట్టి లాగి, "తాతయ్యా! గోదావరి వెనుకకు పోవుచున్నది!" అనెను.

నేను నవ్వి, "నదులు వెనుకకు పోవమ్మా! గోదావరి మహారాష్ట్రములో నాసిక్ దగ్గఱ త్ర్యంబకములో పుట్టినది. 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతములో కలియును. మన ఊరికడ అది ఉత్తరమునుండి దక్షిణమునకు పోవును" అని చెప్పితిని. ఇన్నేండ్లు తరగతిలో చెప్పిన మాటలే గనుక అవి నోటినుండి తమంతట తామే వచ్చినవి. చెప్పునప్పుడు నేను నీటివంక చూడనైన లేదు.

"అది నాకు తెలియును తాతయ్యా! మా పుస్తకములో ఉన్నది. కాని మీరు చూడుడు. అటు పోవుచున్నది కదా!" అని అది వ్రేలితో చూపించెను.

అప్పుడు చూచితిని. నీటిమీది చిన్నచిన్న అలలన్నియు దక్షిణమునుండి ఉత్తరమునకు వరుసగా పరుగెత్తుచుండెను. ఒక గుఱ్ఱపుడెక్క కుదురు ఆకులు పైకెత్తికొని, ఆ అలలతోపాటు మెల్లగా ఎగువకే పోవుచుండెను. త్ర్యంబకమును గూర్చి ఏమియు తెలియనివాడెవడైన ఆ వేళ వచ్చి అచ్చట నిలిచినచో, ఈ నది సముద్రమునుండి కొండలకు పోవుచున్నదని ప్రమాణము చేయును. నేను ఆ బల్లమీద అన్ని సాయంకాలములు కూర్చుండియు దానిని గమనింపలేదు. నది ఎటు పోవునో నాకు ముందే తెలియును. తెలిసినవానికి చూడవలసిన పని యేమి?

అంతలో నా మనస్సులో ఏదో కలుక్కుమన్నది. "గోదావరి వెనుకకు" అను మాటను నేను అంతకుముందు ఎచ్చటనో వింటిని, కాదు, చదివితిని. ఎచ్చట చదివితినో జ్ఞాపకము వచ్చునప్పటికి రోజ్‌మిల్కు గ్లాసు పట్టుకొన్న నా చేయి చల్లబడినది.

అది 1989వ సంవత్సరము. అప్పుడు నేనొక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. ఎనిమిదవ తరగతికి వ్యాసరచన చెప్పుచుంటిని. "గోదావరి" అను విషయముపై ఒక పుట వ్రాయవలెనని చెప్పి, ఎట్లు వ్రాయవలెనో నల్లబల్లమీద నేనే కొన్ని వాక్యములు వ్రాసి చూపించితిని. గోదావరి జీవనది యనియు, దక్షిణగంగ యనియు, అన్నపూర్ణ యనియు, దాని ఋణము మనము తీర్చుకొనలేమనియు ఆ వాక్యములలో ఉండెను. మఱునాడు నలుబది పుస్తకములు నా బల్లమీదికి వచ్చినవి. ముప్పదితొమ్మిదింటిలో గోదావరి జీవనదియే, దక్షిణగంగయే, అన్నపూర్ణయే. నలుబదవ పుస్తకము వెనుక వరుసలో కూర్చుండు ఒక బాలునిది. అతని తండ్రి పడవ నడుపువాడు. సెలవు దినములలో తండ్రితో కూడ పోవుటచేత ఆ బాలుని అఱచేతులలో త్రాడు ఒఱసిన గుర్తులుండెడివి. తరగతిలో తనంతట తాను ఎన్నడును నోరు విప్పి యెఱుగడు. అతని వ్యాసములో మొదటి వాక్యము ఇది: "సాయంకాలము గోదావరి వెనుకకు పారును."

నేను ఎఱ్ఱసిరా కలమును తీసి ఆ వాక్యమును ఒక గీతతో కొట్టివేసితిని. అంతటితో ఊరకుండినచో ఈనాడు ఇంత చింత లేకుండును. ఆ వాక్యమును తరగతిలో పైకి చదివి, ఆ బాలుని నిలువబెట్టి, "ఏమోయి! నీ గోదావరి ప్రతి సాయంకాలము పుట్టింటికి పోవుచుండునా?" అని అడిగితిని. తరగతి గొల్లున నవ్వినది. ఆ బాలుడు, "కాదండీ, గాలి..." అని ఏమో చెప్పబోయెను. నేను "కూర్చుండుము" అంటిని. అతడు కూర్చుండెను. నా చమత్కారమునకు నేను సంతసించితిననియే చెప్పవలెను. పిదప ఆ పుస్తకపు అంచున ఎఱ్ఱసిరాతో రెండు మాటలు వ్రాసి ఇచ్చివేసితిని. ఆ మాటలు: "చూచి వ్రాయుము."

చూచి వ్రాయుమనగా నల్లబల్లను చూచి వ్రాయుమని నా భావము. బడిలో ఆ మాటకు అదియే అర్థము. కాని ఆ నలుబదిమందిలో నిజముగా చూచి వ్రాసినవాడు ఆ బాలుడొక్కడే. ఈ సంగతి నాకు ముప్పదియేండ్లకు పైబడిన తరువాత, విరిగిన బల్లమీద కూర్చుండియుండగా, నాల్గవ తరగతి చదువు పిల్ల వ్రేలు చూపినప్పుడు తెలిసినది.

తరువాతి వారము వ్రాసిన వ్యాసములో ఆ బాలుడు నా వాక్యములను ఒక్క అక్షరము తప్పకుండ దించి వ్రాసెను. దస్తూరి చక్కగా ఉండెను. పదింటికి ఎనిమిది మార్కులు వేసి, "బాగున్నది, ఇట్లే వ్రాయుము" అని మెచ్చుకొంటిని. అతడు అట్లే వ్రాసెను. పదవ తరగతి ముగియువఱకును తన మాట ఒక్కటియైనను అతడు నాకు మరల వ్రాసి చూపలేదు.

ఈ ఆలోచనలో నేనుండగా, మెట్లమీద గాలము వేసికొని కూర్చున్న ఒక ముసలివాడు మా మాటలు విని వెనుదిరిగి చూచెను. అతనిని నేను అప్పుడప్పుడు అచ్చట చూచుచుందును. "మాస్టరుగారూ! పాప చెప్పినది అబద్ధము కాదండి. పై నీరు గాలి మాట వినును. అడుగు నీరు ఏటి మాట వినును" అనెను. మనుమరాలు చెంగున మెట్లు దిగి అతని ప్రక్కకు పోయెను. నేనును వెంట పోయితిని.

అతడు తన గాలపు దారమును చూపించెను. దాని కొసకు సీసపు గుండు కట్టబడియుండెను. చేతికిని నీటికిని నడుమనున్న దారము గాలికి వంగి ఉత్తరమువైపునకు ఉబ్బియుండెను. నీటిలో దిగినచోట మాత్రము అదే దారము దక్షిణమునకు వాలియుండెను. "పాపా! ఈ దారమును వ్రేలిమీద పెట్టుకొనుము. కన్నులు మూసికొని, ఎటు లాగుచున్నదో చెప్పుము" అని అతడు అనెను. అది కన్నులు గట్టిగా మూసికొని, కొంతసేపు ఊపిరి బిగబట్టి, ధవళేశ్వరమువైపునకు తల త్రిప్పి, "ఇటు!" అని కేకవేసెను.

"అదియే ఏఱు. ఇటు పోవునది గాలి. వెనుకటి కాలములో పడవవాండ్రము ఈ పైరగాలికొఱకే కాచుకొని యుండెడివారము. అది తగిలినదా, తెఱచాప ఎత్తుటయే. గడ వేయనక్కఱలేదు, త్రాడు పట్టి లాగనక్కఱలేదు. ఏటికి ఎదురుగా పడవ తనంతట తాను ఎగువకు పోవును. మా పిల్లలకు ఇది నడక వచ్చినప్పుడే తెలియునండి" అని ముసలివాడు చెప్పెను.

మా పిల్లలకు ఇది నడక వచ్చినప్పుడే తెలియును! ఆ మాట వినగనే ఆ పాత పుస్తకములోని పుట నా కన్నులయెదుట మరల నిలిచినది. నేను కొట్టివేసిన వాక్యము క్రింద మఱొక వాక్యముండెను. నాడు నా చూపు దానిమీద పడినది గాని, బుద్ధి పడలేదు. మొదటి వాక్యము తప్పని నిశ్చయించుకొన్నవానికి రెండవ వాక్యముతో పని యేమి? ఆ రెండవ వాక్యము ఇట్లుండెను: "అప్పుడు మా నాయన తెఱచాప ఎత్తును."

ఇంత చిన్న వ్యాసములో ఆ బాలుడు ఎంత చెప్పెనో చూడుడు. నీరు వెనుకకు పోవునట్లు కనబడుటయు, అట్లు కనబడునది సాయంకాలము మాత్రమే యనుటయు, ఆ వేళ గాలి ఎగువకు వీచుననుటయు, ఆ గాలితో తండ్రికి ప్రయోజనమనుటయు, అన్నియు అందులోనే యున్నవి. నా జీవనదియు, దక్షిణగంగయు, అన్నపూర్ణయు పుస్తకములనుండి వచ్చినవి. వాని తెఱచాప గోదావరినుండి వచ్చినది.

ఈ గాలియు నీరును నడచు తీరు ఏమో మీకును తెలియవలెను. పగటి ఎండకు నేల త్వరగా వేడెక్కును. సముద్రము అంత త్వరగా వేడెక్కదు. నేలమీది వేడిగాలి తేలికయై పైకి లేచును. ఆ చోటు నింపుటకు సముద్రముమీది చల్లనిగాలి నేలవైపునకు వచ్చును. మధ్యాహ్నము తిరిగిన పిమ్మట మన తీరదేశములలో వీచు ఈ చల్లనిగాలినే పైరగాలి యందురు. రాజమహేంద్రవరమునకు సముద్రము దక్షిణ ఆగ్నేయ దిక్కులలో నున్నది. నదియో దక్షిణమునకు పోవుచున్నది. కావున పైరగాలి నదికి ఎదురుగా వీచును. అది నీటిపైభాగమును రేపి అలలను ఎగువకు తోలును. గాలి వీచునప్పుడు వరిచేను చూచినారా? అలలు ఈ గట్టునుండి ఆ గట్టునకు పరుగెత్తును. కాని ఒక్క వరిమొక్కయైనను తన చోటు విడిచి పోదు. నీటి అలయు రమారమి అట్టిదే. అల పోయినంత దూరము నీరు పోదు.

మఱి నది ప్రవాహము అంత మెల్లగా ఏల యున్నది? మన ఊరికి దిగువను, సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరమున ధవళేశ్వరము కలదు. అచ్చట సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ఆనకట్ట పని ప్రారంభించి 1852లో ముగించిరి. ఇప్పుడు ఆ పాత ఆనకట్ట స్థానమున ఆయన పేరుతోనే బ్యారేజి నిలిచియున్నది. అది నీటిని నిలిపి కాలువలకు మఱలించుటచే, వేసవి మొదట మన ఊరికడ గోదావరి పెద్ద చెఱువువలె నిండుగా, మందముగా ఉండును. వరదకాలమున మాత్రము ఎఱ్ఱనీరు చెట్లను సైతము పెకలించుకొని దిగువకు దూకును. ఏ గాలియు అప్పుడు దాని దిక్కును మఱుగుపఱపజాలదు. వేసవిలో అట్లు కాదు. పైని గాలి మాటయే కంటికి కనబడును. అడుగున ఏటి మాటను వ్రేలితో తెలిసికొనవలెను.

ఆనాడు ఇంటికి వచ్చుచు మనుమరాలు, "అయితే నేను చెప్పినదియు నిజమే, మీరు చెప్పినదియు నిజమే కదా తాతయ్యా!" అనెను. ఔనంటిని. కాని నాకు తెలియును, ఆ రెండు నిజములకును ఒక భేదము కలదు. అది తన నిజమును చూచి చెప్పినది. నేను నా నిజమును చూడకయే చెప్పితిని.

మఱునాడు దానిని దామెర్ల రామారావు చిత్రశాలకు తీసికొనిపోయితిని. అది గోదావరి గట్టునకు దగ్గఱలోనే కలదు. రామారావు ఈ ఊరిలో 1897లో జన్మించి, 1925లో, ముప్పదియేండ్లైన నిండకమునుపే, మరణించిన గొప్ప చిత్రకారుడు. ఇచ్చటి ప్రభుత్వ కళాశాలకు ఆ దినములలో ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా నుండెను. ఆయనయే ఈ బాలుని చేతిలోని విద్యను గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయిలోని చిత్రకళాశాలకు పోవునట్లు చేసెను. ఆ చిత్రముల యెదుట నిలుచున్నప్పుడు మా మనుమరాలు రంగులను చూచుచుండెను. నేను ఆ ఉపాధ్యాయుని గూర్చియే ఆలోచించుచుంటిని. ఆయనకు ఈ దేశము పుట్టిల్లు కాదు. అయినను ఒక తెలుగు బాలుని గీతలలోని విలువను కనిపెట్టగలిగెను. ఈ ఏటి నీరు త్రాగి పెరిగిన నేను, ఈ ఏటినే చూచి వ్రాసిన బాలుని కనిపెట్టలేకపోతిని. ఆయన గీతకు దారి చూపెను. నేను గీత గీచి కొట్టివేసితిని.

నా విద్యార్థి కవియో పండితుడో కాగలిగియుండెనని నేను చెప్పుట లేదు. అది ఎవరు చెప్పగలరు? కాని తన కన్నులతో చూచినదానిని తన మాటలతో చెప్పు ధైర్యము అతనికి పదుమూడవయేట ఉండెను. నేను దానిని ఒక నవ్వుతో తీసివేసితిని. దొంగ యొకడు సొత్తు తీసికొన్నచో తిరిగి యిప్పింపవచ్చును. ఇట్టిదానిని ఎట్లు తిరిగి యీయగలను? అతనికొఱకు విచారించితిని. తండ్రి పోయిన పిమ్మట పడవ అమ్ముకొని, ఆ కుటుంబము ఊరు విడిచి చాల కాలమైనదని రేవులో చెప్పిరి.

ఆ వారములోనే మా మనుమరాలికి బడిలో గోదావరిని గూర్చి అయిదు వాక్యములు వ్రాయుమనిరట. అది పుస్తకము తెచ్చి, "వెనుకకు పోవునని వ్రాయవచ్చునా తాతయ్యా? పంతులమ్మగారు కోపింతురేమో!" అని అడిగెను. "నీవు చూచినది మొదట వ్రాయుము. అది అట్లు కనబడుటకు కారణము పిదప వ్రాయుము. పుస్తకములోనిది కడపట వ్రాయుము" అని చెప్పితిని. అది వ్రాసినదానిని నేను దిద్దలేదు. "దారము" అని వ్రాయుటకు "ధారము" అని వ్రాసెను. అది యొక్కటి మాత్రము ఆమెయే సరిచేసికొనునట్లు చేసితిని. ఎఱ్ఱసిరా ముట్టలేదు.

బాలబాలికలారా! పుస్తకములు వలదని నేను చెప్పుచున్నానని తలపకుడు. గోదావరి త్ర్యంబకములో పుట్టునని బల్లమీద కూర్చున్నవానికి కనబడదు. అది పుస్తకమే చెప్పవలెను. ప్రవాహము ఎటు పోవునో పుస్తకములో సరిగానే యున్నది. చూచినదానిని పుస్తకముతో సరిపోల్చుకొనుడు. పుస్తకములోనిదానిని పోయి చూచుకొనుడు. రెండును కలియనిచోట నవ్వకుడు, జడియకుడు. గాలపు దారమును వ్రేలిమీద పెట్టుకొని కొంతసేపు ఓపిక పట్టుడు. మీ ఊరిలోను ఒక చెఱువుగట్టో, కాలువగట్టో, రేవుమెట్లో ఉండకపోవు. ఒక సాయంకాలము పోయి అచ్చట కూర్చుండుడు.

ఇప్పటికిని నేను ఆ విరిగిన బల్లమీదనే కూర్చుందును. పైరగాలి వీచునప్పుడు అలలు ఎగువకు పరుగెత్తుటను చూతును. తెఱచాప పడవలు ఇప్పుడు కనబడవు. మోటారు పడవలే పోవుచుండును. అయినను ఆ వేళ నీటిమీద అతుకులు వేసిన ఒక పాత తెఱచాప నా మనస్సునకు కానవచ్చును. దానిక్రింద త్రాడు పట్టుకొని ఒక బాలుడు కూర్చుండియుండును.

నాడు ఆ బాలుడు చదివినది ఎనిమిదవ తరగతి. మీరును ఎనిమిదవ తరగతివారే. అతని పుస్తకము ఇప్పుడు ఎచ్చటను లేదు. కాని అందులోని రెండు వాక్యములు నాకు జ్ఞాపకమున్నవి. నాడు కొట్టివేసినదానిని నేడు ఎఱ్ఱగీత లేకుండ, అతడు వ్రాసిన వరుసలోనే, మీ పుస్తకములో వ్రాయుచున్నాను:

సాయంకాలము గోదావరి వెనుకకు పారును. అప్పుడు మా నాయన తెఱచాప ఎత్తును.